సోమశిల 78, మన ఊరి చెరువు ఎంత?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే నెల్లూరు జిల్లా పేపర్లలో ఒక చిన్న పెట్టె కనబడుతుంది. సోమశిల నీటిమట్టం ఇంత, నిల్వ ఇన్ని టీఎంసీలు, వస్తున్నది ఇన్ని క్యూసెక్కులు, వదులుతున్నది ఇన్ని. దాని కిందనే కండలేరు. ఆత్మకూరు, సంగం, బుచ్చి వైపు రైతులు మిగతా వార్తలకన్నా ముందు ఆ పెట్టె చూస్తారు. అంకె పెరిగేకొద్దీ మొదటి పంట మీద ధైర్యం, ఇంకా పెరిగితే రెండో పంట ఎడగారు మీద ఆశ. అదే పెట్టెను ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం వైపు వాళ్లు చూసీ చూడనట్టు పేజీ తిప్పేస్తారు. ఒకే జిల్లా, ఒకే నీటి లెక్క. ఒకరికి అది బతుకు, ఇంకొకరికి పక్కింటి సంగతి.

జలాశయాలను నిల్వను బట్టి వరసలో నిలబెట్టి ఏది పెద్దది, ఏది చిన్నది అని చెప్పడం తేలికే. ముందు ఆ వరస చెప్పేస్తాను. మన పడమటి నెల్లూరులో అందరికన్నా పెద్దది సోమశిల. అనంతసాగరం మండలంలో, వెలికొండల సందున పెన్నకు అడ్డంగా కట్టిన ఈ డ్యాము నిండితే 78 టీఎంసీలు. దాని తర్వాత రాపూరు దగ్గరి కండలేరు, 68 టీఎంసీలు. ఈ రెండూ కలిపితే 146. కర్ణాటకకూ మనకూ ఉమ్మడిగా ఉన్న తుంగభద్ర డ్యాము ఇప్పటి నిల్వ దాదాపు 106 టీఎంసీలు. అంటే మన రెండు జలాశయాలు కలిసి తుంగభద్రను 40 టీఎంసీలు మించిపోతాయి. ఈ మాట విన్న నెల్లూరు వాడికి కాస్త గర్వంగానే ఉంటుంది. కృష్ణ మీది నాగార్జునసాగర్ 312, శ్రీశైలం 215 ముందు నిలబెడితే ఆ గర్వం కొంచెం తగ్గుతుందనుకోండి.

ఆ కిందికి వస్తే అంకెలు ఒక్కసారిగా జారిపోతాయి. ఉదయగిరి మండలంలో పిల్లాపేరు మీద కట్టిన గండిపాలెం రిజర్వాయరును సోమశిల పక్కన పెడితే వేళ్ల మీద లెక్క. సంగం దగ్గర పెన్న మీద పాత ఆనకట్ట బదులు కట్టి 2022లో ప్రారంభించిన బ్యారేజీలో నిలిచేది అర టీఎంసీ కూడా ఉండదు. అనంతసాగరం, ఆత్మకూరు, కలువాయి చెరువులు, వింజమూరు, దుత్తలూరు వైపు ఊరూరా ఉన్న కుంటలు ఈ లెక్కలో దశాంశానికి కుడి పక్కనెక్కడో ఉంటాయి. పేపరు పెట్టెలోకి అవి ఎక్కవు.

వరస అయిపోయింది. ఇక ఈ వరస చెప్పని సంగతులకు వద్దాం.

ముందు టీఎంసీ అంటే ఏమిటో ఒకసారి చేత్తో పట్టి చూద్దాం. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. లీటర్లలో అయితే 2,831 కోట్లు. ఇంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. పొలం లెక్కలో చెబుతాను. ఒక్క టీఎంసీ నీళ్లను ఒక్క అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు మునుగుతాయి. వరి కయ్యకు నారుమడి నుంచి కోత దాకా సుమారు నాలుగడుగుల నీళ్లు కావాలనుకుంటే, ఒక టీఎంసీతో పండేది ఆరు వేల ఎకరాల లోపే. కాలువల్లో ఇంకిపోయేది తీసేస్తే ఇంకా తక్కువ. వేరుశెనగో, సజ్జో, అపరాలో వేస్తే ఇంతకు రెండింతలు, ఒక్కోచోట మూడింతలు సాగవుతుంది.

తాగేనీళ్ల లెక్క మరోలా ఉంటుంది. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని జల్ జీవన్ మిషన్ నియమం. ఆ లెక్కన ఒక్క టీఎంసీ 14 లక్షల మందికి ఏడాది పొడుగునా సరిపోతుంది. ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల జనం మొత్తం కలిసినా 14 లక్షలు కారు. అంటే 78 టీఎంసీల సోమశిల ఒకసారి నిండితే, అందులో ఒక్క టీఎంసీ తీసి పక్కన పెట్టినా ఈ మెట్టలో ఏ ఆడబిడ్డా ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టాల్సిన పని ఉండకూడదు. అయినా పెడుతున్నారు. ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. కాబట్టి కొరత ఎక్కడుందో వెతకాల్సింది సోమశిల కొలతలో కాదు, సోమశిలకూ ఆ ఊరికీ మధ్యన.

వరద లెక్క కూడా ఒకటి చెప్పి ముందుకు పోతాను. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ అంకె గుర్తు పెట్టుకుంటే పేపరులోని పెట్టెను ఇంజనీరు అక్కర్లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. ఇన్‌ఫ్లో 23 వేలు అని ఉంటే రేపటికి రెండు టీఎంసీలు పెరుగుతుందన్నమాట. గేట్లు తెరవకపోతేనే లెండి.

ఇప్పుడు నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయి, ఎంత లోతున నిలిచాయి అన్న తగవు. కంటికి పెద్దదిగా కనిపించేదే పెద్ద చెరువు అనుకుంటాం. కట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు కనబడకపోతే సముద్రంలా ఉంది అంటాం. మన తూర్పున పులికాట్ సరస్సు ఉంది. దాని విస్తీర్ణం దాదాపు 450 చదరపు కిలోమీటర్లు. సోమశిల పూర్తిగా నిండినా పరుచుకునేది 212 చదరపు కిలోమీటర్లే. చూపుకు పులికాట్ రెండింతలు పెద్దది. కానీ పులికాట్ సగటు లోతు మీటరు దరిదాపు. చాలాచోట్ల మనిషి నడిచిపోవచ్చు, ఫ్లెమింగోలు నిలబడే మేస్తాయి. గుణించి చూస్తే అందులో ఉన్నది సుమారు 16 టీఎంసీలు, అదీ ఉప్పునీళ్లు. సోమశిల సగటు లోతు పది మీటర్ల పైన. అందుకే సగం విస్తీర్ణంలో అయిదింతల నీళ్లు నిలుస్తాయి. పళ్లెంలో పోసిన నీళ్లకూ చెంబులో పోసిన నీళ్లకూ ఉన్న తేడా ఇది.

ప్రపంచంలో కూడా ఈ తగవు ఉంది. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు విస్తీర్ణం 68 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. రష్యాలోని బైకాల్ అందులో సగం కూడా లేదు. అయితే బైకాల్ అడుగు ఒకచోట 1,600 మీటర్ల లోతుకు దిగుతుంది. దానిలోని నీళ్లను మన లెక్కలోకి మారిస్తే ఎనిమిది లక్షల టీఎంసీలు దాటుతాయి. విక్టోరియాలో ఉన్నది లక్షకు కాస్త తక్కువ. ఆ అంకెల ముందు సోమశిలను పెట్టి చూడడం అన్యాయం. వాటిని మనిషి తవ్వలేదు, వాటి తూములు ఎత్తడానికి ఏ సాగునీటి సలహా మండలి సమావేశమూ అక్కర్లేదు.

పరుచుకున్న నీటికి ఇంకో ఖర్చు కూడా ఉంది. ఎండ. నిండుగా ఉన్న సోమశిల మీద ఒక్క సెంటీమీటరు నీళ్లు ఆవిరైపోతే 21 లక్షల ఘనపు మీటర్లు పోయినట్టు. ఇంజనీర్ల మాటలో 75 ఎంసీఎఫ్‌టీ. పది లక్షల ఘనపుటడుగులు ఒక ఎంసీఎఫ్‌టీ, అవి వెయ్యి కలిస్తే ఒక టీఎంసీ. మన వైపు ఎండాకాలంలో సెంటీమీటరు పోవడానికి రెండు రోజులు చాలు. ఈ సంగతి తెలిసే చెన్నైకి నీళ్ల ఒప్పందం రాసినప్పుడు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడు రాష్ట్రాలూ తలా 5 టీఎంసీలు ఇచ్చి 15 చేస్తే, అందులో 3 దారిలోనే ఆవిరికీ ఇంకుకూ పోతాయని రాసుకుని 12 మాత్రమే చేరుతుందన్నారు. అయిదో వంతు ఆకాశానికి ముందే ధారపోశారు.

చెన్నై మాట వచ్చింది కనక కండలేరు దగ్గర కాసేపు ఆగాలి. 68 టీఎంసీల జలాశయం అంటే దానికి తగ్గ పెద్ద నది ఉండాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. కండలేరు నది వెలికొండల్లో పుట్టి కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే చిన్న ఏరు. అది తనంత తానుగా ఆ జలాశయాన్ని నింపే ఏరు కాదు. అక్కడ కిలోమీటర్ల పొడుగునా మట్టికట్ట పోసింది వేరే నీళ్ల కోసం. తెలుగుగంగ ఒప్పందం 1983లో కుదిరింది. శ్రీశైలంలో తీసుకున్న కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, కుందూ మీదుగా పెన్నలో పడి, సోమశిలకు వచ్చి, అక్కడినుంచి కాలువలో కండలేరుకు, కండలేరు నుంచి మరో కాలువలో తమిళనాడు సరిహద్దు దాటి పూండి జలాశయానికి పోతాయి. 1996లో ఆ నీళ్లు మొదటిసారి సరిహద్దు దాటాయి. కాలువ గట్లు జారి నీళ్లు సగంలో ఇంకిపోతుంటే, 2000ల మొదట్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు దానికి మరమ్మతులు చేయించింది.

కాబట్టి సోమశిల 78, కండలేరు 68 అని పక్కపక్కన రాసినా అవి ఒకే రకం అంకెలు కావు. సోమశిలకు వెనక 55 వేల చదరపు కిలోమీటర్ల పెన్నా పరీవాహకంలో చాలా భాగం ఉంది. కర్ణాటకలోని నంది కొండల నుంచి అనంతపురం, కడప జిల్లాలు దాటి వచ్చిన వాన ఏదైనా చివరికి ఆ 12 గేట్ల ముందు నిలబడాల్సిందే. కండలేరు మాత్రం సోమశిల ఇస్తేనే నిండుతుంది. పెద్దన్న గిన్నెలో మిగిలితేనే తమ్ముడికి. ఎంత పడుతుంది అన్నది ఒక ప్రశ్న, ఎవరు పోస్తారు అన్నది ఇంకో ప్రశ్న. పేపరు పెట్టె మొదటిదానికే జవాబిస్తుంది.

ఇక ఉదయగిరి పేజీ ఎందుకు తిప్పేస్తుందో చెబుతాను. సోమశిల పూర్తి నీటిమట్టం సముద్రం మీద 330 అడుగులు. కాలువలో నీరు పల్లానికే నడుస్తుంది. ఆ మట్టానికి దిగువన ఉన్న అనంతసాగరం, ఆత్మకూరు, సంగం, ఆ కింద పెన్నా డెల్టాలోని రెండున్నర లక్షల ఎకరాల దాకా సోమశిల సొమ్ము. 1850ల్లో కట్టిన నెల్లూరు ఆనకట్ట, పందొమ్మిదో శతాబ్దం చివర కట్టిన సంగం ఆనకట్ట అప్పటికే ఆ డెల్టాను తయారు చేసి పెట్టాయి. సోమశిల వచ్చి దానికి భరోసా ఇచ్చింది. ఉదయగిరి మెట్టలో చాలా భాగం ఆ మట్టానికి ఎగువన, కొండల కాళ్ల దగ్గర ఉంది. 78 ఉన్నా 178 ఉన్నా మోటారు పెట్టి ఎత్తనిదే ఆ నీళ్లు మిట్ట ఎక్కవు.

అందుకనే సోమశిల హైలెవల్ కాలువ అని ఒకటి తలపెట్టారు. పేరులో కాలువ ఉన్నా అది ఎత్తిపోతల పథకం. రెండు దశలు కలిపి 90 వేల ఎకరాల మెట్టకు నీళ్లివ్వాలని అనుకున్నారు. మొదటి దశ ఆత్మకూరు వైపు, రెండోది ఉదయగిరి వైపు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ కాలువ గురించి ఉదయగిరిలో మాటలు పారాయి, కాలువ పని మాత్రం ఏళ్లూ పూళ్లూ సాగింది. ఇంకో ఆశ వెలిగొండ. శ్రీశైలం వెనక నుంచి కొండలో సొరంగాలు తవ్వి కృష్ణ వరద నీళ్లను నల్లమల సాగర్‌లో 53 టీఎంసీల పైగా నింపి, ప్రకాశం, కడప జిల్లాలతో పాటు మన ఉదయగిరి మెట్టకూ ఇవ్వాలని దాని ఉద్దేశం. ఆ నీళ్లు ఎత్తులో నుంచి వస్తాయి కాబట్టి మోటారు అక్కర్లేదు. నా మటుకు నాకు, నెల్లూరు మెట్ట వాడు సోమశిల అంకె కన్నా నల్లమల సాగర్ అంకె మీద కన్నేసి ఉంచడమే మేలనిపిస్తుంది. కరెంటు బిల్లు కట్టలేక పడుకున్న ఎత్తిపోతలు మన రాష్ట్రంలో తక్కువేమీ లేవు.

ఉదయగిరికి నీళ్ల సంగతి తెలియదని మాత్రం ఎవరూ అనుకోకండి. కృష్ణదేవరాయలు 1514లో ఆ కోటను గజపతుల చేతినుంచి గెలవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది. మూడు వేల అడుగుల కొండ మీద అన్నాళ్లు సైన్యం నిలబడిందంటే ధాన్యం కొట్లే కాదు, పైన కోనేళ్లలో నీళ్లూ ఉండాలి. అంతకన్నా నూటనలభై అయిదేళ్ల ముందటి ముచ్చట ఒకటుంది. నేటి మాటకు అదే అసలైన సాక్ష్యం.

విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు. ఆయన ఉదయగిరి నుంచి రాజ్యం చేసేవాడు. 1369లో ఆయన వెలికొండలకు అవతల, ఇప్పటి కడప వైపున, పోరుమామిళ్ల దగ్గర ఒక చెరువు కట్టించాడు. దాని పేరు అనంతరాజ సాగరం. మన ఆత్మకూరు దగ్గరి అనంతసాగరం వేరు, అది వేరు, కలపకండి. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ సంగతంతా రాతి మీద సంస్కృత శ్లోకాల్లో చెక్కించాడు. శాసనాలు రాజు గొప్ప చెప్పుకోవడానికే అనుకుంటాం. ఇందులో రాజు గొప్ప ఉంది, దానితో పాటు చెరువు కట్టే పద్ధతి కూడా ఉంది.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది ఆ శాసనం. వాటిలో పదకొండు చెబుతాను. ధర్మబుద్ధీ డబ్బూ ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, కట్టను రెండు వైపులా పట్టుకునే కొండ, వాటి నడుమ మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గరలోనే నిడుపాటి రాళ్లు దొరికే గని, లోపల విశాలంగానూ లోతుగానూ ఉన్న నేల, చుట్టూ సారవంతమైన పొలం, నీరు బలంగా పారే తూములు, కట్టడం తెలిసిన పనివాళ్లు. ఈ వరసలో విశాలం, లోతు రెండూ కలిపి చెప్పడం గమనించండి. ఒకటి ఉంటే చాలనలేదు. పళ్లెం పనికిరాదని పద్నాలుగో శతాబ్దంలోనే తేల్చారు.

తర్వాత ఆరు దోషాలు చెప్పారు. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ తాబేలు వీపులాంటి మిట్ట ఉండడం, నీళ్లు కొంచెం నేల ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువ నేల కొంచెం కావడం.

చివరి రెండు దోషాలు నన్ను ఎప్పుడూ ఆపేస్తాయి. నీళ్లు తక్కువ అయితే దోషం అన్నది ఎవరైనా చెబుతారు. నీళ్లు ఎక్కువై, వాటి కింద తడపడానికి నేల లేకపోయినా దోషమే అన్నవాడు చెరువును ఘనపుటడుగుల్లో చూడలేదు, ఆయకట్టుతో కలిపి చూశాడు. నిల్వ ఒక్కటే చెబితే ఆ మనిషి ఒప్పుకోడు, దాని కింద ఎన్ని కయ్యలున్నాయని అడుగుతాడు. మూడో దోషం ఇంకా ఘాటైనది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు కట్టొద్దన్నాడు. సోమశిల కట్ట నెల్లూరులో ఉంది. మునిగిన ఊళ్లు, పొలాలు కడప జిల్లావి, అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు వైపువి. మునిగినవాడు ఒకడు, తడిసినవాడు ఇంకొకడు. కృష్ణ నీళ్ల గొడవ అయితే ఇప్పుడు నాలుగు రాష్ట్రాలది. భాస్కరుడి నీటి శాస్త్రజ్ఞుడు ట్రైబ్యునల్ అన్న మాట వినలేదు కాని, అది వస్తుందని ఊహించినట్టే ఉంది.

ఆ శాసనం చెప్పని దోషం ఒకటుంది. పూడిక. కట్టిన రోజు కొలత చెరువుకు కలకాలం ఉండదు. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు. ఇప్పుడు 215 పైచిలుకు. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు వచ్చింది. తుంగభద్ర 133తో మొదలైంది. ఒక్క శ్రీశైలం, సాగర్ రెండింటిలోనే ఒండ్రుమట్టి మింగింది 188 టీఎంసీలు. అంటే నిండు సోమశిల, నిండు కండలేరు రెండూ కలిపినా ఆ మట్టికి చాలవు. చిన్న చెరువుల్లో పూడిక ఇంకా వేగం. కొండ మీద అడవి పలచనయ్యే కొద్దీ వాన మట్టితో కలిసి దిగుతుంది. వెనకటి రోజుల్లో ఎండాకాలం చెరువుమట్టి బండ్లతో పొలాలకు తోలుకునేవాళ్లు. చెరువుకు లోతు, పొలానికి బలం. ఎరువుల బస్తాలు వచ్చాక ఆ తోలకం తగ్గింది. ఆ తర్వాత నీరు–మీరు, నీరు–చెట్టు అంటూ ప్రభుత్వాలు పూడికతీత పెట్టాయి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. పూడికతీత అనగానే పొక్లెయినుతో ఎక్కడ దొరికితే అక్కడ గుంట తవ్వడం కాదు. తూము అడుగుకు కింద ఎంత లోతు తవ్వినా ఆ నీళ్లు తూములోంచి కాలువకు ఎక్కవు. పశువులకు, బోర్లలో ఊటకు పనికొస్తాయి, అంతే. పైరుకు పనికొచ్చే నిల్వ తూము అడుగుకూ కలుజు మట్టానికీ మధ్యన ఉంటుంది. మట్టి తీయాల్సింది ఆ పొరలో, అంటే చెరువు తల వైపు. జనం మాత్రం రోడ్డుకు దగ్గరని కట్ట పక్కనే తవ్వుతారు. దానితో నిల్వ పెరగదు సరికదా కట్ట కాలు బలహీనపడుతుంది.

కట్ట బలం మాట వచ్చింది కాబట్టి 2021 నవంబరు సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ నెల 19న రాజంపేట వైపు చెయ్యేరు మీది అన్నమయ్య డ్యాము మట్టికట్ట తెగిపోయింది. దాని నిల్వ 2 టీఎంసీల పైచిలుకే. మన వరసలో అది సోమశిలకు ముప్పైయ్యో వంతు కన్నా కాస్త తక్కువ. కానీ ఆ రెండు టీఎంసీలు ఒక్క పొద్దున దిగువ పల్లెల మీద పడితే ఇళ్లూ మనుషులూ కొట్టుకుపోయారు. చెయ్యేరు కలిసేది పెన్నలో, పెన్న వచ్చేది సోమశిలకు. అప్పటికే నిండుకుండలా ఉన్న సోమశిలలోకి అయిదు లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. ఇందాకటి 11,574తో భాగించండి. రోజుకు 43 టీఎంసీలు. ఖాళీ సోమశిల అయినా రెండు రోజుల్లో నిండిపోయే వరద అది. వచ్చింది వచ్చినట్టు వదలక తప్పలేదు. డ్యాము దిగువన సోమేశ్వరుడి గుడి దెబ్బతింది, నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలుకట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి మీద బండ్లు ఆగిపోయాయి. ఏ జలాశయం ఎంత పెద్దది అన్న ప్రశ్నకు ఆ వారం ఎవరూ విలువ ఇవ్వలేదు. ఇంకెంత ఖాళీ ఉంది, కట్ట ఆగుతుందా అన్నదే అందరి ప్రశ్న.

ఇప్పుడు పెన్సిలూ కాగితమూ దగ్గర ఉన్నవాళ్లు తీసుకోండి. మీ ఊరి చెరువును మీరే కొలుచుకునే లెక్క ఒకటి చెబుతాను. కలుజు పారేటప్పుడు నీళ్లు ఎన్ని ఎకరాలు పరుచుకుంటాయో రెవెన్యూ రికార్డుల్లో దొరుకుతుంది, లేకపోతే ఊళ్లో పెద్దవాళ్లకు తెలుస్తుంది. తూము దగ్గర ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయో చూడండి. చెరువు కట్ట దగ్గర లోతు, తల వైపు పలచన కాబట్టి ఆ రెండింటినీ గుణించి వచ్చినదాంట్లో పదికి నాలుగు వంతులే తీసుకోవాలి. ఇది ఉజ్జాయింపు లెక్క, కానీ తప్పుదారి పట్టించదు.

వంద ఎకరాల చెరువు, తూము దగ్గర పదడుగుల లోతు అనుకుందాం. వందను పదితో గుణిస్తే వెయ్యి, అందులో పదికి నాలుగు వంతులు 400 ఎకరా-అడుగులు. అంటే 17 ఎంసీఎఫ్‌టీల పైన. ఇట్లాంటి చెరువులు 57 నిండితే ఒక టీఎంసీ. ఇందాక నిండు సోమశిల మీద ఎండ సెంటీమీటరు మేర తీసుకుపోయే నీళ్లు చెప్పాను, 75 ఎంసీఎఫ్‌టీలు. అవి ఈ వంద ఎకరాల చెరువును నాలుగు సార్లు నింపుతాయి.

అంత చిన్నదా మన చెరువు అని తీసిపారేయకండి. పెద్ద డ్యాము ఏడాదికోసారి నిండితే గొప్ప, నిండని ఏళ్లు ఎన్నో. కొండ వాలున ఉన్న చిన్న చెరువు కార్తెలు సరిగా పడితే ఒక్క కాలంలోనే రెండు మూడు సార్లు నిండి ఖాళీ అవుతుంది. నిండిన ప్రతిసారీ ఆ 17 ఎంసీఎఫ్‌టీలు మళ్లీ కొత్తవే. పైగా దానికి మోటారు అక్కర్లేదు, కాలువ వంద మైళ్లు పోనక్కర్లేదు, తీర్మానం కోసం నెల్లూరు వెళ్లనక్కర్లేదు. ఉదయగిరి మెట్టలో నీళ్ల వరస రాయమంటే నేను మాత్రం నిల్వ పక్కన ఇంకో గడి గీస్తాను, ఏడాదికి ఎన్నిసార్లు నిండింది అని. ఆ గడిలో గండిపాలెం పైకి రావచ్చు, దుత్తలూరులో ఏదో పేరులేని కుంట ఇంకా పైకి రావచ్చు.

ఆ 400 ఎకరా-అడుగులతో వరి వేస్తే వంద ఎకరాలు. ఆరుతడి వేస్తే రెండు వందల ఎకరాలు తడపొచ్చు, కొంచెం ఒబ్బిడి చేస్తే ఇంకో నలభై యాభై కలుస్తాయి. ఏది వేయాలన్నది తూము ఎత్తకముందే ఆయకట్టుదార్లంతా కూర్చుని తేల్చుకోవాల్సిన మాట, వరి నారు పోశాక తేలేది కాదు. ఈశాన్య ఋతుపవనం మన మీదికి అక్టోబరులో వస్తుంది. దసరాలోపే కలుజు ముందు పెరిగిన కంప కొట్టించి, తూము తలుపు సరి చూసి, ఈ లెక్క కాగితం మీద వేసి పెట్టుకోండి. కంప చెట్లు సొంతంగా నరకకుండా ముందు నీటి సంఘానికీ పంచాయతీకీ ఒక మాట చెప్పండి, తర్వాత గొడవ లేకుండా ఉంటుంది.